తిలిస్మాత్, తారీఖ్

ఈమధ్య రెండు పుస్తకాలు వెంటవెంటనే చదివాను. ఒకటి మహమ్మద్ హుసేన్ జాహ్ ‘తిలిస్మె హోష్‌రుబా’ మొదటి సంపుటం, ఉర్దూలోనే. రెండోది ఎ.జి.నూరానీ 2013లో తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం ‘ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్’. ఒకటి రాజ్యం పోయిన ఊళ్లో చెప్పుకున్న కథ. ఇంకోటి రాజ్యం పోయినప్పుడు జనానికేమైందన్న లెక్క.

హోష్‌రుబా 1883లో లక్నోలో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు అవధ్‌ని మింగింది 1856లో. నవాబీ పోయింది, దాస్తాన్‌లో మాత్రం మనోళ్లు మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్‌ని ముప్పుతిప్పలు పెడుతుంటారు! దీన్ని అచ్చేసింది మున్షీ నవల్‌కిషోర్ అనే హిందువు. ఓడినవాణ్ణి మన దీన్‌లోకి రమ్మనడం, రాకపోతే నరికేయడం నాకు మింగుడుపడలేదు. మన కథైతే మాత్రం మెచ్చుకోవాలా? కానీ అమర్ అయ్యార్ ఉన్నాడే, వాడి కోసం ఎన్ని వందల పేజీలైనా తిప్పొచ్చు. కత్తికంటే మారువేషాన్ని నమ్ముతాడు. పరమ పిసినారి. లోకమంతా పట్టే జంబీల్ సంచిలోకి దొరికిందల్లా తోసేస్తాడు.

నూరానీ వకీలు, రాత కూడా వకీలు రాతే. దర్బారు మంతనాలు, ఢిల్లీ ఉత్తరాలు ఎక్కువ, పల్లె గొంతు తక్కువ. రజాకార్ల దాష్టీకాన్ని మాత్రం దాచలేదు. పుస్తకానికి ప్రాణం చివర జోడించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక. 1948 పోలీసు చర్య తర్వాత నెహ్రూ పంపిన ఈ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. సర్కారు దాన్ని దశాబ్దాలు బయటపెట్టలేదు. ఆ కమిటీలో ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్నారు, ‘లైలా కే ఖుతూత్’ రాసినాయన. కల్పన తెలిసిన ఆ చేయి ఇక్కడ ఒక్క అలంకారం వాడలేదు. మిగతాది వదిలేసినా, ఆ పేజీలు చదవండి.