విరిగి వచ్చిన యోధుడు: ఖడ్గతిక్కన గాథ, తిక్కన విరాటపర్వం

నెల్లూరు నేలిన మనుమసిద్ధికి, యాదవ వీరుడు కాటమరాజుకు పుల్లరి విషయమై 13వ శతాబ్దంలో జరిగిన పోరు తెలుగు వీరగాథలలో ప్రసిద్ధం. మనుమసిద్ధి పక్షాన దండు నడిపిన ఖడ్గతిక్కన కవి తిక్కనకు దాయాది సోదరుడు. పాలేటి ఒడ్డున పంచలింగాల వద్ద తన బలం నశించగా ఆయన నెల్లూరికి తిరిగి వచ్చాడని గాథ చెబుతుంది. భార్య చానమ్మ నులకమంచం అడ్డు నిలిపి, పసుపుముద్ద పెట్టి, స్నానానికి నీళ్లు తోడింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది. ఆయన మళ్లీ రణానికి వెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఈ ఘట్టాన్ని వీరమాతృత్వానికి ఉదాహరణగా చూపడం, చానమ్మను పల్నాటి మాంచాల సరసన నిలపడం మన విమర్శలో పరిపాటి. ఆ పోలిక సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మాంచాల బాలచంద్రుణ్ణి పోరుకు సాగనంపింది. చానమ్మ ముందున్నవాడు పోరు చూసి వచ్చినవాడు. సాగనంపడానికి మన గాథలలో వీరతిలకం ఉంది, హారతి ఉంది, కత్తి అందించే చేయి ఉంది. ఓడి వచ్చినవానిని ఇంటిలోకి పిలిచే ఆచారం ఏది? చానమ్మ చేతికి అందినవి నిత్యం ఇంట్లో ఉండేవే: మంచం, పసుపు, పాలు. వాటినే ఆయుధాలుగా మార్చుకోవలసి వచ్చింది.

ప్రచారంలో ఉన్న చాటుపద్యాల చమత్కారమంతా ‘విరుగు’ అనే క్రియలో ఉంది. సేన విరుగుతుంది, పసులు విరుగుతాయి, పాలు విరుగుతాయి. తిక్కనను కలుపుకొని ఇంటి ఆడవారిని ముగ్గురుగా లెక్కించడం మరొక చమత్కారం. శ్లేష ఎంత అందంగా ఉన్నా, పద్యాలు అడగని ప్రశ్నలున్నాయి. వెంట వెళ్లిన బంట్లు ఏమయ్యారు? వచ్చినవానికి గాయాలున్నాయా? మనిషి విరగడానికి, పాలు విరగడానికి ఒకే క్రియ చాలిన చోట ఆ ప్రశ్నలకు తావు లేదు. ఆ స్త్రీలను నిందించడం నా ఉద్దేశం కాదు. ఊరు ఏమంటుందోనన్న భయం వారి మాటలలో వినిపిస్తుంది. ఓడిన దండనాథుని ఇంటికి ఆ భయం సహజమే.

అదే నెల్లూరిలో, అదే శతాబ్దంలో, అదే కుటుంబానికి చెందిన కవి విరాటపర్వాన్ని తెలుగు చేశాడు. అక్కడా గొడవ పసుల మందలదే. అంతఃపుర స్త్రీల ఎదుట బీరాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూసి రథం దిగి పరుగెత్తుతాడు. బృహన్నల వెంటబడి పట్టుకొని, ధైర్యం చెప్పి, పగ్గాలు చేతికిస్తుంది. పారిపోయినవానికి అక్కడ ఒక పని, ఒక తోడు దొరికాయి. ఇంటికి వచ్చాక గెలిచినది తాను కాదని కొడుకు తండ్రితో చెప్పుకోగలిగాడు.

ఈ రెంటినీ తూకం వేసేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఉత్తరుడు రాజకుమారుడు, పైగా హాస్యపాత్ర. అతనికి తోడైనవాడు సాక్షాత్తు అర్జునుడు. ఖడ్గతిక్కనకు అటువంటి సారథి లేడు. ఒకటి ఇతిహాసం, రెండవది జనశ్రుతిలో నిలిచిన గాథ. ఒకదానిపై మరొకదాని ప్రభావం ఉందని నేను చెప్పడం లేదు. భయపడినవానితో ఎలా మాట్లాడాలో తెలిసిన భాష నెల్లూరికి కొత్త కాదని మాత్రమే నా వాదం. శాంతిపర్వంలో గెలిచి కూడా రాజ్యం వద్దన్న ధర్మరాజు చుట్టూ తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు చేరి మాట్లాడతారు. ద్రౌపది మాట అక్కడ కటువుగానే ఉంటుంది. అయినా ఎవరూ మంచం అడ్డు పెట్టలేదు.

నేడు సైనిక కుటుంబాల కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. పింఛను, పిల్లల చదువు వంటి విషయాలు అక్కడ తేలుతాయి. సరిహద్దు నుండి వచ్చి మౌనంగా కూర్చున్న మనిషితో మొదటి మాట ఏమిటన్నది మాత్రం ఇంటివారికే మిగులుతుంది. వారికి మన సాహిత్యం నుండి ఏ ఘట్టాన్ని ఆదర్శంగా చూపుతున్నామో పాఠ్యసంకలనకర్తలు ఆలోచించవలసి ఉంది. విరాటపర్వంలో ఉత్తర తన బొమ్మలకు మేలైన వస్త్రాలు తెమ్మని బృహన్నలను అడుగుతుంది. యుద్ధానికి వెళ్లేవారు తప్పక తిరిగి వస్తారన్న నమ్మకంతో అడిగిన కోరిక అది. బృహన్నల వాటిని తెచ్చి ఇచ్చింది.