వకీలు మాట మాది, వకాల్తా ఎవరిది?

నెల్లూరు కోర్టు ఆవరణలో ఓ గంట నిలబడి వినండి. వకీలు, వకాల్తా, దావా, అర్జీ, జామీను, జప్తు, హాజరు, దస్తావేజు. అన్నీ మా ఇళ్ల మాటలే. అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగైపోయాయి. కృష్ణపట్నం బెస్తవాడైనా, అల్లూరు రైతైనా వాటిని తన మాటలుగానే పలుకుతాడు. సంతోషమే. కానీ వాటిల్లో ఒక మాట దారిలో తలకిందులైంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, ఫిర్యాది. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడ్డవాడు. ఇందులో ఎవరి కుట్రా ఉందనను. భాషలో ఇలాంటివి జరుగుతుంటాయి. కానీ ఇన్సాఫ్ అడగవచ్చినవాడు బోనులో తేలడం మాటకే కాదు, మనుషులకీ జరిగింది. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత అరెస్టయి, నిర్దోషులుగా బయటికొచ్చిన హైదరాబాదు యువకులని అడగండి.

అందుకే లా కాలేజీకి అప్లికేషన్ పెట్టడమన్నది మాకు ఒక కోర్సు ఎంచుకోవడం మాత్రమే కాదు. బోనులోంచి బల్ల దగ్గరికి నడవడం.

ముందు ఆ చదువులో మేమెక్కడున్నామో చూద్దాం. లా పుస్తకాల్లో ముస్లిం ప్రధానంగా కుటుంబ చట్టంలో కనిపిస్తాడు. నిఖా, మెహర్, తలాక్, మనోవర్తి. తరతరాల విద్యార్థులకు మా చట్టం నేర్పిన పుస్తకం 1905లో వచ్చింది, రాసింది ముల్లా అనే పార్సీ. ఆ చట్టాన్ని కదిలించిన తీర్పులేమిటి? 1985లో షాబానో, 2017లో షాయరా బానో, 2024లో విడాకులైన ముస్లిం స్త్రీకి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి హక్కుందన్న తెలంగాణ కేసు. అన్నిటి వెనకా కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్లే ఉన్నారు. ఉర్దూ అర్థంలో వాళ్లే అసలైన ముద్దయీలు. జమాతు పెద్దలు కొందరు వాళ్లని తెలుగు అర్థంలో ముద్దాయిల్ని చేశారు. దాన్ని కప్పిపెట్టి అస్తిత్వం గురించి మాట్లాడితే అది సగం మాటే.

ఇక అప్లికేషన్. లాసెట్‌లో 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, తెలుగులోనూ రాయొచ్చు. జాతీయ లా యూనివర్సిటీల క్లాట్ ఇంగ్లీషులోనే. కావలిలో తెలుగు మీడియం చదివిన పిల్ల మొదటి గుమ్మం దాటగలదు, రెండో దాని దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత కులం గడి. షేక్ అయితే బీసీ-ఇ. దూదేకుల అయితే బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొగల్ అయితే ఏ బీసీలోనూ లేరు. 'ఇస్లాంలో కులాల్లేవు' అని మిహ్రాబు ముందు వినిపించే మాటని తహసీల్దారు సర్టిఫికెట్ కొట్టేస్తుంది. కొట్టేయడమే సబబు. దూదేకుల ఇంటికి పిల్లనివ్వని సయ్యద్ సాబులు కులం లేదంటే ఎవరు నమ్ముతారు?

ఆ బీసీ-ఇ కూడా గట్టి నేల మీద లేదు. 2007 చట్టం 4 శాతం ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది నడుస్తూ వచ్చింది. అంటే మా పిల్లాడు లా చదవడానికి కూర్చున్న కుర్చీయే ఒక కేసు. ఆ కేసు ఎలా వాదించాలో నేర్చుకోవాల్సిందీ అతనే.

మరి మా ఇళ్లలో ఏమంటున్నారు? నల్లకోటు అబద్ధాల కోటు అంటున్నారు. కొడుకు కువైటు పోతే చాలు, కూతురికి డిగ్రీ ఎక్కువ అంటున్నారు. వక్ఫ్ చట్టాన్ని 2025లో సవరించినప్పుడు మాత్రం అందరం వీధిలోకొచ్చాం. దర్గా ఇనాం భూమి కాగితాలు చదవగలిగేవాళ్లు మహల్లాకి ఒకరైనా ఉన్నారా అంటే తలలు దించుకున్నాం. నినాదం రోడ్డు మీద పనిచేస్తుంది. ట్రిబ్యునల్లో దస్తావేజు కావాలి.

లౌకిక మిత్రులకొక మాట. మా తరఫున మీరు నిలబడ్డ ప్రతిసారీ రుణపడ్డాం. కానీ ఎల్లకాలం మా వకాల్తా మీ చేతిలోనే ఉంటే మేం మీ కక్షిదారులుగానే మిగిలిపోతాం. పక్క కుర్చీలోకి జరగండి. మాకూ చోటివ్వండి.

మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా రొట్టెల పండక్కి హిందువులూ ముస్లింలూ కలిసి నీళ్లలో దిగుతారు. చదువు కోరేవాళ్లు విద్య రొట్టె పడతారు. కోరిక తీరినవాళ్లు మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరికిస్తారు. మొక్కు మంచిదే. కానీ రొట్టె పట్టుకొచ్చిన అమ్మలు లాసెట్ ఆఖరు తేదీ కూడా గుర్తుపెట్టుకోవాలి. అప్లికేషన్‌లో ముందు కూతురి పేరు రాయించాలి. వకీలైన ఆ పిల్ల ఇంకో పిల్లకి లా పుస్తకాలిస్తే, ఆ రొట్టె బాకీ తీరినట్టే.