నైనా కట్టిన ఇల్లు

కె. ఎస్. మణియం 1981లో వెలువరించిన ‘ది రిటర్న్’ నవలను గూర్చి మన దేశంలో చాలమంది వ్రాసినారు. వారిలో ఎక్కువమంది రవి అనే పిల్లవాని ఇంగ్లీషు చదువును, ఆ చదువువల్ల అతడు తనవారికి దూరమైన తీరును ముచ్చటిస్తారు. మాకు మాత్రం పుస్తకం ప్రాణమంతా రవి తండ్రిలోనే ఉన్నట్లు తోచింది.

ఆయనను ఇంట్లో ‘నైనా’ అంటారు. ఆ పిలుపు వినగానే మన ‘నాయన’ చెవిలో మ్రోగుతుంది. రచయితను తెలుగువాడని లాగుకోవడం మా ఉద్దేశం కాదు. కాని నైనాను పరాయివాడుగా చదవడం మాకు చేతకాలేదు.

రవి నాయనమ్మ పెరియతై ముగ్గురు కొడుకులతో ఇండియానుండి వచ్చి, తిరిగి తిరిగి సరుకులమ్మి, కెడాలోని బెడోంగ్‌లో ఇల్లు నిలుపుకొంటుంది. ఇంటి క్రింద నేల మాత్రం ఆమెది కాదు. కొడుకు నైనా ఆసుపత్రి బట్టలు ఉతుకుతూ వయసంతా గడుపుతాడు. చివరకు ఏటి ఒడ్డున, పట్టా లేని నేలమీద, తానూ ఇల్లు కడతాడు. అక్కడినుండి మనిషి మారిపోతాడు. పూజలు ముదురుతాయి. మాటలో ఏ భాషకూ చెందని కలగాపులగం వస్తుంది. ఒకనాడు ఆ ఇల్లు తగులబడుతుంది, ఆయన అందులోనే ఉంటాడు.

దీనిని ‘ప్రతీక’ అని దాటవేసేవారితో మాకు పేచీ. ప్రతీక అంటే మనిషి మాయమవుతాడు. మణియం అలా వ్రాయలేదు. వైద్యుని మాట ఒక్కటీ లేకుండా, మతి చలించడం ఎంత మెల్లగా వస్తుందో, దానికి ముందు ఎన్ని కాగితాలు, ఎన్ని కాదనడాలు ఉంటాయో చూపినాడు. తోట లైన్లలో పుట్టినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. పని పోతే కప్పూ పోయేది. 1969 తరువాత పౌరసత్వం లేనివారికి పనికి పర్మిట్టు కావలసివచ్చింది. ముప్పై నలభై ఏళ్ళు పాలు గీసినవారు సైతం ఓడ ఎక్కినారు. అట్టి ఇళ్ళలో ఒకరు గోడతో మాటాడుకొంటుంటే మనవారు ‘గాలి సోకింది’ అన్నారు, ‘కల్లు ఎక్కువైంది’ అన్నారు. నేల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఎత్తకపోవడానికి భయమూ కారణమే. 1911లో పిచ్చాసుపత్రి వెలసిన తంజోంగ్ రంబుత్తాన్ పేరే మనకు తిట్టయింది. ఆత్మహత్యకు పాల్పడి బ్రతికినవాడు 2023 దాకా ఈ దేశపు చట్టం కంట నేరస్థుడు. ఇక నైనా వంటి చావును ఏ ఇల్లు ఉన్నదున్నట్లు చెప్పుకొంటుంది? ‘దీపం ఒరిగి అంటుకొన్నది’ అని ఊరుకొంటుంది.

నవలలో లోపం లేదా అంటే ఉన్నది. పెరియతై పోయిన తరువాత ఆడవాళ్ళ గొంతు సన్నగిల్లుతుంది. ఇటువంటి మనిషికి రోజూ అన్నం పెట్టి, రాత్రి మేలుకొని కనిపెట్టి ఉండేది వారే కదా. వారికేమనిపించిందో మనకు అందదు. రవి చూపు కూడ చల్లనిది, సీమ చదువు చదివి వచ్చినవాని చూపు. తండ్రి కరిగిపోతుంటే గమనిస్తాడు, చేయి పట్టుకోడు. ఆ చల్లదనం రచయిత తెలిసి పెట్టినదేనని మా అభిప్రాయం, అయినా చదువుతుంటే కోపం వస్తుంది.

మణియం 2020లో గతించినారు. పుస్తకం ఇంగ్లీషులో ఉండుటవల్ల మన పెద్దలకు అందలేదు. మనుమలెవరైనా ఇంట్లో కూర్చుండబెట్టి, నైనా ఇల్లు కట్టే ఘట్టాన్ని తెలుగులో చెప్పి వినిపిస్తే, ఆ పెద్దలేమంటారో వినాలని మాకున్నది.