ప్రాణాయామము: చిరకాలోద్వేగమునకు ప్రత్యభ్యాసము

ఆపద యెదురైనపుడు గుండె వడిగా కొట్టుకొనుట, కండరములు బిగియుట, ఊపిరి పైపైన ఆడుట దేహమునకు ప్రకృతి యొసగిన రక్షణోపాయములు. పామును చూచినవాడు వెనుకకు దూకుటకును, మంటలలో చిక్కినవాడు బిడ్డ నెత్తుకొని పరుగిడుటకును కావలసిన బలమును అవి క్షణములో సమకూర్చి, ఆపద గడచినంతనే అణగిపోవును. కాని తీరని అప్పును తలంచుచు నిద్రకు దూరమైన గృహస్థునకు, పై అధికారి మాటకు వెరచుచు దినములు వెళ్లబుచ్చు ఉద్యోగికి, మంచము పట్టిన తల్లికి ఒంటరిగా పరిచర్య చేయు కుమార్తెకు ఆపద గడచు ఘడియ యనునది లేదు. పోరాడుటకు శత్రువు కనబడడు, పరుగిడుటకు చోటు దొరకదు. అయినను దేహము మాత్రము ఏండ్ల తరబడి యుద్ధసన్నద్ధమై నిలిచియుండును. ఈ విరామములేని సన్నాహమునే దీర్ఘకాలిక మానసిక ఒత్తిడి యనుచున్నాము.

మాంట్రియల్ నగరమున పరిశోధన చేయుచుండిన హాన్స్ సెల్యే ఎలుకలను చలికి, గాయమునకు, మితిమీరిన శ్రమకు, విషద్రవ్యములకు వేర్వేరుగా గురిచేసి చూచి, బాధ యేదైనను దేహమున కలుగు మార్పు లొక్క తీరుగనే యుండుటను 1936లో 'నేచర్' పత్రికయందు ప్రకటించెను. అడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి. థైమస్ గ్రంథి కుంచించుకొనిపోయినది. జీర్ణాశయమున పుండ్లు పడినవి. ఆ అడ్రినల్ గ్రంథులనుండి వెలువడు కార్టిసాల్ అను హార్మోను అవసరసమయమున ఆప్తమిత్రమే యైనను, తగ్గుముఖము పట్టక నిలిచినచో నిద్రను చెరచును, రక్తపుపోటును పెంచును, రోగములనెదుర్కొను శక్తిని సడలించును. ఇట్లు నాడు నాడును పునరావృత్తమగుచు, ఉద్వేగము దేహమునకు ఒక అభ్యాసమైపోవును. అభ్యాసముగా స్థిరపడినదానిని తొలగించుటకు ఒకనాటి విశ్రాంతి గాని, ఒక వారపు విహారయాత్ర గాని చాలదు. దానికి ఎదురుగా మరియొక అభ్యాసమును నిలుపవలెను. మన యోగశాస్త్రము గ్రహించిన పరమార్థ మిదియే.

చిత్తము చెదరినపుడు దుఃఖము, మనస్సు క్రుంగుట, అవయవములు కంపించుట, శ్వాసగతి తప్పుట అను నాలుగును వెంబడించునని పతంజలి యోగసూత్రముల ప్రథమపాదముననే చెప్పియున్నాడు. ఆ పాదముననే చిత్తప్రసాదమునకు సాధనములను పేర్కొనుచు, ఊపిరిని వెలుపలికి విడుచుటను, నిలుపుటను వానిలో నొకటిగా చేర్చినాడు. ఈ యెన్నిక యాదృచ్ఛికము కాదు. గుండెను మెల్లగా కొట్టుకొమ్మని ఆజ్ఞాపింపజాలము. జీర్ణాశయమును శాంతింపుమని శాసింపజాలము. శ్వాస మాత్రము మన ప్రమేయము లేకయే నడచుచును, మనము కోరినపుడు మన యిచ్ఛకు లోబడును. అందువలననే ఇచ్ఛకు లొంగని దేహవ్యాపారములను సమీపించుటకు అదియే సులభద్వారమైనది. ఊపిరి పీల్చు పూరకమున గుండెవేగము కొంత హెచ్చును. ఊపిరి విడుచు రేచకమున, గుండెను నెమ్మదింపజేయు వేగస్ నాడి ప్రభావముచే అది తగ్గును. కావున రేచకమును దీర్ఘము చేయుటయే శాంతిసాధనకు మూలసూత్రము.

శ్వాసను ఇట్లు క్రమపరచు ప్రాణాయామముయొక్క సాధనవిధానము మిక్కిలి సరళము. వెన్ను నిటారుగా నిలిపి, నేలపై గాని కుర్చీలో గాని సుఖముగా కూర్చుండి, ముక్కుతోనే, పొట్ట మెల్లగా కదలునట్లు ఊపిరి తీయవలెను. నాలుగంకెలు లెక్కించునంతసేపు పూరకము చేసినచో, క్రమముగా ఎనిమిదంకెలవరకు రేచకము సాగింపవలెను. నాడీశోధనమను ప్రాణాయామమున కుడిచేతి బొటనవ్రేలితో కుడినాసికను మూసి ఎడమదానితో పీల్చి, ఉంగరపువ్రేలితో ఎడమదానిని మూసి కుడిదానితో విడిచి, మరల కుడిదానితోనే పీల్చి ఎడమదానితో విడిచినచో ఒక ఆవృత్తి యగును. భ్రామరి యను ప్రాణాయామమునందు పెదవులు కలిపి తుమ్మెదవలె నాదము చేయుచు విడుచుటచే రేచకము తనంతట తానే దీర్ఘమగును. ఊపిరిని బిగబట్టు కుంభకమును, వడివడిగా పీల్చి విడుచు భస్త్రికను మాత్రము గురువు లేనిదే పూనరాదు. హృద్రోగులును, అధిక రక్తపుపోటు గలవారును, గర్భవతులును వానిని విడువవలెను.

పదునైదవ శతాబ్దివాడని పండితులు తలంచు స్వాత్మారాముడు హఠయోగప్రదీపికయందు సింహమును, ఏనుగును, పులిని మచ్చికచేయు రీతిగా ప్రాణమును మెల్లమెల్లగా వశపరచుకొనవలెననియు, తొందరపడినచో అది సాధకునే హింసించుననియు హెచ్చరించినాడు. ప్రాణము సంచరించు నాడులు శుద్ధమగుటకు మూడు మాసములకు పైబడిన కాలము పట్టునని కూడ చెప్పినాడు. తక్షణఫలమును ఆశింపని ఈ ఓర్పే సంప్రదాయమునకు ప్రాణము. ఏండ్లుగా బిగిసిన దేహము మెల్లగానే సడలును గాని బలవంతమునకు లొంగదు.

ఈ విద్యను పరీక్షకు నిలిపినవారును కలరు. స్వామి కువలయానందుడు 1924లో లోనావాలా యందు కైవల్యధామమును స్థాపించి, యోగక్రియల ప్రభావమును ప్రయోగశాలలో కొలుచుటకు పూనుకొనెను. 2001లో ఇటలీ దేశపు లూచియానో బెర్నార్డీయు, అతని సహచరులును లాటిన్ భాషలోని జపమాలాప్రార్థనము, బౌద్ధమంత్రము రెండును శ్వాసను నిమిషమునకు ఆరుమారులకు చేరువగా తెచ్చి, హృదయగతిని, రక్తపుపోటును ఒక లయకు కూర్చుచున్నవని చూపిరి. రెండు మతములవారి జపములు ఒకే శ్వాసగతికి చేరుట విశేషము.

అయినను ప్రాణాయామము అప్పును తీర్చదు, అన్యాయమైన పనిభారమును తగ్గింపదు. తీవ్రమైన మనోవ్యాధికి వైద్యుని స్థానమును ఆక్రమింపదు. యోగమున కున్న అష్టాంగములలో నడవడిని దిద్దు యమనియమములు ముందును, ప్రాణాయామము పిమ్మటను ఉండుటయే, జీవనక్రమమును దిద్దుకొనక ఊపిరి నొక్కదానినే దిద్దుకొనుట చాలదని సూచించుచున్నది. దాని మేలు వేరొక చోట నున్నది: భయముచే బిగిసిన మనస్సు చేయజాలని నిర్ణయములను, సడలిన మనస్సు చేయగలదు. అప్పులవాని యెదుట నిలిచి గడువు కోరుటకును, మోయలేని పనిని కాదనుటకును, తోబుట్టువుల సాయమును అడుగుటకును కావలసినది ఆ నెమ్మదియే. ఖర్చు లేక, కులమత వయోభేదములు లేక లభించు ఈ విద్యను ప్రతిదినము ఒకే వేళకు పది నిమిషములు అభ్యసించుట ఎంత పనివారికైనను సాధ్యమే; ఉద్వేగము దినదినమును మనలను అభ్యసింపజేయుచుండగా, శాంతిని మాత్రము ఎపుడో తీరిక చిక్కినపుడు చూచుకొందమనుట తగదు.