ఆఖరి విడత ఎంతలో వచ్చింది?

ఆరోగ్యానికో సరదాకో పరుగు మొదలుపెట్టినవాళ్లు కొన్ని నెలలు నిలకడగా పరిగెత్తాక ఇంటర్వల్ ట్రైనింగ్ వైపు వస్తారు. 200 మీటర్లు గట్టిగా పరిగెత్తడం, కాసేపు నడవడమో మెల్లగా జాగింగ్ చేయడమో, మళ్లీ 200. చేతికి వాచీ ఉంటుంది కాబట్టి త్వరలోనే ఒక ప్రశ్న పుడుతుంది: నాకొస్తున్న టైమ్ మంచిదేనా? 200 మీటర్లకు 45 సెకన్లంటే బాగున్నట్టా, 40 లోపు రావాలా? జవాబు కోసం చాలామంది పేరున్న క్రీడాకారుల టైములు వెతుకుతారు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అంటే 100 మీటర్లకు సగటున 13.8 సెకన్ల చొప్పున, ఎక్కడా ఆగకుండా, వరసగా నాలుగు వందలు. మామూలు రన్నర్లలో చాలామందికి ఒక్క వంద మీటర్లు కూడా ఆ టైములో రావు. ఆ అంకె చూసి చేతులెత్తి మొక్కవచ్చు. కానీ మంగళవారం పొద్దున మీరు చేసిన ఆరు విడతల సాధన సరిగ్గా సాగిందో లేదో అది చెప్పలేదు. ఇంటర్వల్ సాధనలో మంచి టైమ్ అంటే మొదటి విడతలో వచ్చి, ముందుగా అనుకున్న విరామంతోనే ఆఖరి విడతలోనూ వచ్చే టైమ్. ఒక్క విడతలో మెరిసిన అంకెకు అంత విలువ లేదు. ఈ సాధన పుట్టిన తీరు చూసినా, అది ఒంట్లో పనిచేసే తీరు చూసినా ఈ మాటే బలపడుతుంది.

1930ల్లో జర్మన్ కోచ్ వొల్డెమార్ గెర్ష్‌లర్, గుండె వైద్యుడు హెర్బర్ట్ రైండెల్ కలిసి ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చారు. వాళ్లు పెట్టుకున్న నియమం చాలా సూటిగా ఉండేది. ఒక విడత పరుగుతో గుండె వేగం నిమిషానికి 180 దాకా చేరాలి. తర్వాత విశ్రాంతిలో అది 120కి దిగాలి, అదీ 90 సెకన్ల లోపు. దిగగానే తర్వాతి విడత మొదలు. ఆ గడువులో దిగకపోతే పరుగు మరీ వేగంగానైనా ఉండాలి, విడతలు మరీ ఎక్కువైనా అయుండాలి. అక్కడితో ఆపడమో తగ్గించడమో చేయాలి. పరుగు ఎంతలో వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, మనిషి ఎంతలో తేరుకున్నాడన్నది వాళ్లకు అంత ముఖ్యం. ఈ శిక్షణలో తయారైన రుడాల్ఫ్ హార్బిగ్ 1939 జులై 15న మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తాడు. అప్పటిదాకా ఉన్న రికార్డు 1:48.4. సెకనులో పదో వంతుల తేడాతో రికార్డులు మారే పందెంలో దాదాపు రెండు సెకన్లు ఒక్క దెబ్బకు తగ్గిపోయాయి. ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు. గుండె బలపడేది విశ్రాంతి క్షణాల్లోనేనన్న వాళ్ల వివరణను తర్వాతి పరిశోధకులు పూర్తిగా ఒప్పుకోలేదు. పైగా 180 అన్న అంకె కుర్రాళ్లది, యాభై ఏళ్ల మనిషి దాన్ని పట్టుకుని పరిగెత్తకూడదు. అయినా విశ్రాంతిని కూడా గడియారంతో కొలవాలన్న పాఠం మాత్రం నిలిచింది.

విరామం ఎందుకంత ముఖ్యమో 1960లో స్టాక్‌హోమ్ పరిశోధకులు తేటగా చూపించారు. స్థిర సైకిల్ మీద ఒక మనిషి చేత చాలా బరువైన పని చేయించారు. ఆపకుండా తొక్కితే తొమ్మిది నిమిషాల్లో పూర్తిగా అలసిపోయాడు. అదే బరువుతో మూడు నిమిషాలు తొక్కి మూడు నిమిషాలు ఆగుతూ పోతే గంట గడిచింది గానీ గట్టి శ్రమలో పేరుకునే లాక్టేట్ రక్తంలో బాగా పెరిగి, ఒళ్లు హూనమైపోయింది. అర నిమిషం పని, అర నిమిషం విరామంగా ముక్కలు చేస్తే గంట గడిచినా లాక్టేట్ పెద్దగా పెరగలేదు. బరువు అదే, మొత్తం పనీ అంతే. మారింది ముక్క పొడవు, ఆ ముక్కల మధ్య ఖాళీ. కాబట్టి ఎవరైనా "నాకు 200 మీటర్లు 42లో వస్తాయి" అంటే వెంటనే అడగవలసినవి రెండున్నాయి: ఎన్నిసార్లు, మధ్యలో ఎంతసేపు ఆగి? ఈ రెండూ తెలియకుండా ఆ 42 బాగుందో లేదో తేల్చడం కుదరదు.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. 5 కిలోమీటర్లు సుమారు 25 నిమిషాల్లో పరిగెత్తే ఇద్దరున్నారనుకుందాం. ఇద్దరికీ ఆరు విడతల 200 మీటర్లు, మధ్యలో రెండేసి నిమిషాల నడక. మొదటివాడి టైములు ఇలా ఉన్నాయి: 44, 48, 53, 57, 59, 60. రెండోవాడివి: 52, 52, 51, 52, 51, 51. మొదటివాడు ఇంటికెళ్లి 44 సెకన్ల గురించి చెప్పుకుంటాడు. కానీ కూడి చూడండి. అతని మొత్తం 321 సెకన్లు, రెండోవాడిది 309. ఆ మెరుపు 44 తర్వాత కూడా మొత్తం మీద 12 సెకన్లు వెనకబడ్డాడు. అంతకంటే నష్టం ఇంకొకటుంది. నాలుగో విడత నుంచి అతని భుజాలు చెవుల దగ్గరికి బిగుసుకుపోతాయి, అడుగు పొడవు తగ్గుతుంది, పాదం ఒంటికి ముందెక్కడో పడి ప్రతి అడుగూ వేగానికి బ్రేకు వేస్తుంది. అంటే ఆ పొద్దున సాధనలో సగం, చెడ్డ పరుగును ఒంటికి అలవాటు చేయడానికే పోయింది. తొడ వెనక కండరం పట్టేసే ప్రమాదం కూడా ఇలా అలసిన ఒంటిని బలవంతంగా తోసేటప్పుడే పెరుగుతుంది. రెండోవాడు ఆరు విడతలూ ఒకే తీరున పరిగెత్తాడు. అతని 51.5 సగటు మళ్లీ వారం పోల్చుకోవడానికి పనికొచ్చే అంకె. మొదటివాడి 53.5 సగటు దేనికీ సరిపోలదు, ఎందుకంటే మూడో విడత తప్ప ఏదీ ఆ వేగానికి దగ్గరగా లేదు.

దీనికి స్ప్రింట్ కోచ్‌లు ఒక అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. వేగం పెరగాలంటే పూర్తి వేగంతోనే పరిగెత్తాలి, దాచుకుని పరిగెత్తితే దాచుకోవడమే వస్తుందంటారు. నిజమే. కానీ వాళ్లు చెప్పేది వేరే సాధన. పూర్తి బలంతో 60, 80 మీటర్లు పరిగెత్తినప్పుడు కండరాలు ఎక్కువగా వాడుకునేది తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వను. అది కొద్ది సెకన్లలోనే చాలావరకు తరిగిపోతుంది. సగం దాకా పూడడానికి అర నిమిషం నుంచి నిమిషం చాలు గానీ, దాదాపు పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. అందుకే స్ప్రింటర్లు రెండు విడతల మధ్య అంతంతసేపు తీరుబడిగా తిరుగుతూ కనిపిస్తారు. అది బద్ధకం కాదు. ముప్ఫై సెకన్లు ఆగి మళ్లీ 100 మీటర్లు లగెత్తేవాడు తాను స్ప్రింట్ చేస్తున్నాననుకుంటాడు గానీ, మూడో విడతకు అతను చేస్తున్నది ఓర్పు సాధన. అదీ మంచి పనే, పేరు మాత్రం సరిగ్గా తెలిసుండాలి. విశేషమేమంటే, ఆ నిజమైన స్ప్రింట్ సాధనలో కూడా కొలబద్ద మారదు. 80 మీటర్లు 12 సెకన్లలో వస్తూ, ఐదోసారి 12.6 అయిందంటే ఆ రోజుకు వేగం అయిపోయినట్టు, బ్యాగు సర్దుకోవాలి. నా మట్టుకు, మొదటి విడత కంటే నాలుగైదు శాతం వెనకబడడాన్ని ఆపవలసిన గీతగా పెట్టుకోవడం మామూలు రన్నర్లకు క్షేమం.

ఇంకో అభ్యంతరం దీనికంటే పదునైనది. అన్ని విడతలూ ఒకేలా రావడమే గొప్పయితే, తేలికైన టైమ్ పెట్టుకుని పదిసార్లు హాయిగా పరిగెత్తవచ్చు కదా, అందులో ఎదుగుదల ఏముంది? దీనికి రోజర్ బానిస్టర్ సాధన కంటే మంచి జవాబు నాకు తోచదు. మైలును నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాలన్న పట్టుదలతో ఉన్న ఆ వైద్య విద్యార్థి 1953 డిసెంబరులో పది విడతల 440 గజాల సాధన మొదలుపెట్టాడు. ఒక్కోటి 66 సెకన్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. మైలంటే అలాంటివి నాలుగు. అతనికి విడిగా ఒక్క రౌండు అంతకంటే ఎంతో వేగంగా వచ్చేది, అయినా ఆ వేగాన్ని లక్ష్యంగా పెట్టుకోలేదు. విడతల సంఖ్యను, విరామాన్ని కదపకుండా టైమును మాత్రం నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ 61కి తెచ్చాడు. అక్కడ బండి ఆగింది. ఎంత ప్రయత్నించినా అంతకంటే దిగలేదు. అప్పుడు తోటి రన్నర్ క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండ్ వెళ్లి కొన్నాళ్లు కొండలెక్కి, పరుగు ఊసే ఎత్తలేదు. తిరిగొచ్చాక పది విడతలూ 59 సగటుతో వచ్చాయి. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద మైలు 3 నిమిషాల 59.4 సెకన్లలో పూర్తయింది. ఒకేలా పరిగెత్తడం సోమరితనానికి దారి అవుతుందన్న భయానికి ఇందులో సమాధానం ఉంది: రెండు అంశాలను కట్టేసి ఉంచి మూడోదాన్ని మాత్రమే కదిపితే, ఎదుగుదల ఉందో లేదో కాగితం మీదే తెలిసిపోతుంది. టైమ్ మరీ తేలికగా ఉందా అన్నది ఆఖరి విడత అయ్యాక ఒంటినే అడగాలి. ఇంకొకటి అదే టైములో చేయగలననిపిస్తే సరిపోయినట్టు. ఇంకో మూడు చేయగలననిపిస్తే వచ్చే వారం ఒక సెకను తగ్గించవచ్చు.

ఇంత నమ్మకం పెట్టుకున్నాక కొలత కూడా నిజాయితీగా ఉండాలి. చేతి వాచీలోని జీపీఎస్ ఐదు కిలోమీటర్లకు ఫరవాలేదు గానీ, 200 మీటర్ల ముక్కకు దాన్ని నమ్మలేం. వంపుల దగ్గర, చెట్ల కింద కొన్ని మీటర్లు అటూఇటూ అయినా సెకన్లు మారిపోతాయి. ప్రామాణిక ట్రాక్ మీద లోపలి లేన్ 400 మీటర్లయితే, ఎనిమిదో లేన్ చుట్టూ పూర్తిగా తిరిగితే 450 మీటర్లు దాటుతుంది. ట్రాక్ దొరకని ఊళ్లో హైస్కూల్ గ్రౌండో కాలువ గట్టో ఉంటే టేపుతో కొలిచి రెండు గుర్తులు పెట్టుకుంటే చాలు. ఆ దూరం 200 బదులు 196 అయినా నష్టం లేదు, ప్రతిసారీ అవే గుర్తుల మధ్య పరిగెత్తాలి. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్ ఎప్పుడూ కాస్త ఉదారంగా ఉంటుంది. పొట్టి పరుగుల్లో చేతి టైమును ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ. ఇక వాతావరణం. విశాఖ బీచ్ రోడ్డులో మే నెల ఉక్కలో వచ్చిన టైమును డిసెంబరు టైముతో పోల్చుకుని దిగులుపడడం అన్యాయం. ఎండాకాలంలో అదే టైము నిలబెట్టుకున్నా ముందుకు వెళ్లినట్టే.

నిర్ణీత టైముకు ఉద్యోగమే ముడిపడి ఉన్నవాళ్ల సంగతేమిటని అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్ పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల్లో ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం జనరల్ పురుష అభ్యర్థులకు 100 మీటర్లకు 15 సెకన్లు, 1600 మీటర్లకు 8 నిమిషాలు గడువు. ఇక్కడ గీత పక్కాగా ఉంది, దాటాలి. కానీ ఆ గీతను రోజూ సాధనలోకి లాక్కురావడం వల్లే చాలామంది కుర్రాళ్లు పరీక్ష నాటికి కాళ్లు పట్టేసుకుని కూర్చుంటారు. 8 నిమిషాలంటే 400 మీటర్ల రౌండ్లు నాలుగు, ఒక్కోటి 2 నిమిషాలు. మొదటి రౌండు 1:20లో దూసుకెళ్లి, మూడో రౌండులో నడకలో పడే అభ్యర్థికి కొరత వేగం కాదు, పంపకం. అతను వారానికొకసారి 400 మీటర్లను 1:52 చొప్పున ఆరుసార్లు, రెండు నిమిషాల విరామంతో పరిగెత్తాలి. ఆరూ 1:52కి అటూఇటూ రెండు సెకన్ల తేడాలో వస్తే, టైమును అలాగే ఉంచి విరామాన్ని ఒకటిన్నర నిమిషానికి, కొన్ని వారాలయ్యాక నిమిషానికి తగ్గించుకోవాలి. ఆ దశకు వచ్చినవాడు విరామమే లేని నాలుగు రౌండ్లకు చాలా దగ్గరికొచ్చినట్టు. 100 మీటర్లకు మాత్రం వేరే రోజు కేటాయించి, 60 మీటర్ల పరుగులు నాలుగైదు, మధ్యలో మూడేసి నిమిషాలు పూర్తిగా ఆగి చేయాలి. టైమ్ జారడం మొదలైన చోట ఆ రోజుకు ఆపేయాలి.