తప్పు నా తలదా, వైరుదా?

వీఆర్ గేమ్ గురించి ఎవరిని అడిగినా ముందు బొమ్మ గురించే చెబుతారు. ఎన్ని పిక్సెళ్లు, ఎంత స్పష్టత, రంగులు ఎలా ఉన్నాయి అని. ప్రకటనల్లోనూ అదే గోల. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా మనం సర్దుకుపోతాం. ఆట మధ్యలో మన గది గుర్తుకు వస్తే మాత్రం ఆట చెడిపోతుంది. అలా గుర్తు చేసేవి ముఖ్యంగా రెండు: లోడింగ్, వైరు. అందుకే వీఆర్‌కు నిజంగా మేలు చేసినవి వేగమైన స్టోరేజీ, వైరు లేని హెడ్‌సెట్ అని నా అభిప్రాయం. ఒకే గేమును రెండు రకాలుగా ఆడి చూశాను కాబట్టి ఈ మాట అంటున్నాను.

ఆ గేమ్ పేరు 'హాఫ్-లైఫ్: అలిక్స్'. వాల్వ్ కంపెనీ 2020 మార్చిలో దీన్ని విడుదల చేసింది. మనం అలిక్స్ అనే అమ్మాయిగా మారి, 'సిటీ 17' అనే ఊళ్లో తిరగాలి. డ్రాయర్లు లాగి చూడొచ్చు, సీసాలు చేత్తో తీసుకోవచ్చు, తుపాకీలో గుండ్లు మనమే నింపుకోవాలి.

మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో ఉంటాడు. రెండేళ్ల కిందట సెలవులకు హోసూరు నుంచి వెళ్లినప్పుడు మొదటిసారి ఆడాను. అప్పుడు అన్న దగ్గర పాత కంప్యూటరు, అందులో హార్డ్ డిస్క్, పొడుగు వైరున్న హెడ్‌సెట్ ఉండేవి. అరగంట కూడా కాలేదు, తల తిరిగి కడుపులో తిప్పేసింది. అన్న నవ్వి, "నీకిది పడదు లేరా" అన్నాడు. బస్సెక్కితే వాంతి చేసుకుంటానని ఇంట్లో నాకు ముందే పేరుంది. దానికి ఇదొకటి తోడైంది. నా తలే బలహీనమని నేనూ నమ్మేశాను.

ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు విడదీసి చెబుతాను.

మొదటిది లోడింగ్. టీవీ ముందు ఆడేటప్పుడు లోడింగ్ వస్తే లేచి నీళ్లు తాగొచ్చు, చెల్లితో మాట్లాడొచ్చు. హెడ్‌సెట్‌లో అలా కాదు. ఒక భాగం అయి ఇంకోటి మొదలయ్యే చోట దృశ్యం మాయమై, కళ్లకు కట్టేసిన ఖాళీలో నిలబడాలి. అప్పుడు వంటింట్లో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. అంతసేపూ కట్టుకున్న ఊరు కూలిపోతుంది.

దీనికి కారణం హార్డ్ డిస్క్ పనిచేసే తీరు. అందులో పళ్లెం గుండ్రంగా తిరుగుతుంటే ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదిలి సమాచారాన్ని వెతుకుతుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు కాబట్టి వెతుకులాట ఆలస్యం ఉండదు. అయితే ఎస్ఎస్‌డీ పెడితే బొమ్మలు ఎక్కువ వేగంగా తయారవుతాయని కొందరు అనుకుంటారు, అది పొరపాటు. బొమ్మ తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 90 బొమ్మలు చూపాలంటే ఒక్కోదానికి దొరికేది సుమారు 11 మిల్లీసెకన్లే. అంత ఇరుకులో కావాల్సిన సమాచారం డిస్క్ నుంచి ఆలస్యంగా వస్తే ఆట ఒక్కసారి తడబడవచ్చు. మనం తల తిప్పాక బొమ్మ ఆగి తిరిగితే కడుపు ఊరుకోదు.

రెండోది వైరు. ఈ గేములో 'జెఫ్' అనే అధ్యాయం ఉంది. జెఫ్ గుడ్డి రాక్షసుడు. కళ్లు లేవు గానీ చిన్న చప్పుడైనా వింటాడు. గాలిలో ఏదో పొడి ఉండి అలిక్స్‌కు దగ్గు వస్తుంది. దగ్గకుండా మన చేతిని నిజంగానే నోటి దగ్గర పెట్టుకోవాలి. ఇంత మంచి ఆలోచన నేను ఏ గేములోనూ చూడలేదు. అన్న దాచుకున్న ఆట తెరిచి నన్ను అక్కడే వదిలాడు. ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో సీసా కింద పడకుండా పట్టుకుని మెల్లగా తిరిగాను. వైరు కాలికి చుట్టుకుని నా తలను వెనక్కి లాగింది! జెఫ్ కంటే ముందు వైరే నన్ను పట్టుకుంది. భయం పోయి నవ్వొచ్చింది. భయపెట్టే సన్నివేశానికి అంతకంటే అవమానం ఏముంటుంది?

ఈ వేసవిలో మళ్లీ వెళ్లాను. అన్న కంప్యూటరులో ఎస్ఎస్‌డీ వేశాడు, క్వెస్ట్ 2 కొన్నాడు. రౌటరు అదే గదిలో పెట్టి వైఫై మీద అదే గేము ఆడించాడు. "వద్దన్నా, నాకు పడదు" అన్నాను. "ఒక్కసారి చూడరా" అన్నాడు. లోడింగ్ అలా వచ్చి ఇలా పోయింది. జెఫ్ చుట్టూ పూర్తిగా తిరిగాను, కింద కూర్చున్నాను, వెనక్కి అడుగు వేశాను. గంటసేపు ఆడినా తల తిరగలేదు. ఈసారి నిజంగా భయపడ్డాను. అదే నాకు సంతోషం!

అయితే విమర్శ అంటే రెండు వైపులా చెప్పాలి. అప్పుడూ ఇప్పుడూ నేను ఆడింది ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే పద్ధతిలో. చివర్లో ధైర్యం వచ్చి, ఆగకుండా నడిచే పద్ధతికి మార్చాను. పది నిమిషాల్లో మళ్లీ కడుపులో తిప్పింది. కళ్లు నడుస్తున్నామని చెబుతాయి, చెవి లోపలి భాగం నిలబడే ఉన్నామని చెబుతుంది. ఆ తగువును ఏ ఎస్ఎస్‌డీ తీర్చలేదు. వైరు తీసేస్తే వేరే బరువులూ వస్తాయి. కంప్యూటరు బొమ్మను కుదించి పంపాలి, హెడ్‌సెట్ దాన్ని విప్పాలి, అందులో కొంత ఆలస్యం ఉంటుంది. బ్యాటరీ రెండు మూడు గంటలే. 503 గ్రాముల బరువు ముఖం మీద మోయాలి.

ఇంకో సంగతి, అన్ని గేములకూ మందు ఒకటే కాదు. పాటకు తగ్గట్టు రెండు కత్తులతో ఘనాలను నరికే 'బీట్ సేబర్' చిన్న గేము. దానికి స్టోరేజీ వేగంతో పెద్ద పని లేదు, వైరు పోతే చాలు. ప్లేస్టేషన్ 5లో వేగమైన ఎస్ఎస్‌డీ ఉంది, 2023లో వచ్చిన దాని వీఆర్2 హెడ్‌సెట్‌కు మాత్రం ఇంకా వైరుంది. అంటే ఒక జబ్బు నయమై ఇంకోటి మిగిలింది. అందుకే హెడ్‌సెట్ కొనమని అడిగే ముందు మనం ఆడబోయే గేముకు ఏది అడ్డమో చూసుకోవాలి.

నా తల అదే, గేమూ అదే. మూడుసార్లు మూడు రకాలుగా జరిగింది. రెండేళ్లు నేను నా తలను అనుమానించాను గానీ, వైరును ఒక్కసారీ అనుమానించలేదు. ఒక గేము బాగాలేదని రాసే ముందు అది దేనిమీద ఆడామో చూడాలని దీనివల్ల నేర్చుకున్నాను. "నీకిది పడదు" అని ఒక పిల్లవాడితో అనే ముందు కూడా పెద్దలు అదే చూడాలని నా మనవి.