ఫార్మాట్ మారిస్తే ర్యాంకు వస్తుందా?

సైట్లో ఉన్న బొమ్మలన్నిటినీ వెబ్‌పీ అనే ఫార్మాట్‌లోకి మార్చేస్తే గూగుల్‌లో మొదటి పేజీకి ఎక్కవచ్చనే సలహా ఈ వారం మళ్లీ కంటబడింది. చిన్న వ్యాపారుల చేత, చిన్న పత్రికల చేత ఉత్తపుణ్యానికి డబ్బు ఖర్చు పెట్టించే మాట కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు. అందులో నిజం లేకపోలేదు. గూగుల్ సొంత లెక్క ప్రకారం, అదే నాణ్యతకు వెబ్‌పీ ఫైలు జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్నది. 2019లో వచ్చిన ఏవీఐఎఫ్ అనే ఫార్మాట్ చాలా ఫొటోలను ఇంకా గట్టిగా కుదిస్తుంది. 2021 నుంచి కోర్ వెబ్ వైటల్స్ అనే కొలతలు కూడా ర్యాంకింగ్ లెక్కలోకి వస్తున్నాయి. వాటిలో ఎల్‌సీపీ అంటే, తెర మీద అన్నిటికంటే పెద్ద బొమ్మో పాఠమో కనబడటానికి పట్టే సమయం, అది 2.5 సెకన్లు దాటకూడదు. చాలా పేజీల్లో ఆ పెద్ద వస్తువు బొమ్మే. ఇంతవరకూ సలహాదారుల మాట చెల్లుతుంది. అయితే పేజీ ఎంత చురుగ్గా తెరుచుకున్నా, వెతికినవాడికి పనికొచ్చే సమాచారానికే మొదటి పీట అని గూగులే తన మార్గదర్శకాల్లో చెబుతోంది.

పైగా వేగం పోతున్నది ఫార్మాట్ దగ్గరేనా? ఫోన్ కెమెరా నుంచి వచ్చిన 4000 × 3000 ఫొటోలో కోటీ 20 లక్షల పిక్సెళ్లుంటాయి. దాన్ని ఫోన్ తెర మీద చూపడానికి 800 × 600 చాలనుకుంటే, అది 4 లక్షల 80 వేల పిక్సెళ్లు, అంటే పాతికో వంతు. ఫార్మాట్ మార్చితే తగ్గేది మహా అయితే మూడో వంతు. కొలత సరిచేస్తే పోయే బరువు అంతకంటే ఎంతో ఎక్కువ. పేజీ తలమీది పెద్ద బొమ్మకు, తెర దగ్గరికి వచ్చేదాకా బొమ్మను దించకుండా ఆపే లేజీ లోడింగ్ తగిలించి దాన్నే ఆలస్యం చేసేవాళ్లున్నారు. పొడవు వెడల్పులు కోడ్‌లో రాయకపోవడంతో, చదువుతుండగానే వాక్యాలు కిందికి జారిపోయే పేజీలున్నాయి. ఈ తప్పుల్ని ఏ ఫార్మాటూ దిద్దలేదు. పాత చిరునామాలను కొత్త ఫైళ్లకు మళ్లించకుండా హడావుడిగా మారిస్తే, బొమ్మల వెతుకులాటలో ఉన్న స్థానం కూడా పోతుంది.

అలాగని ఫార్మాట్ పట్టించుకోనక్కర్లేదా అంటే, అక్కడే అసలు సంగతి ఉంది. జేపెగ్ ఎలా పనిచేస్తుందో చూడండి. దాని గుండెకాయ డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి. టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి, బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ 1974లో దాన్ని ప్రచురించారు. 1992లో జేపెగ్ ప్రమాణమైంది. బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుగునీడల్ని జాగ్రత్తగా ఉంచి, కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన మార్పుల్ని వదిలేస్తుంది. ఆకాశం, ముఖం, వరిచేను దీనికి చక్కగా లొంగుతాయి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం లొంగదు, ఎందుకంటే అక్షరం అంచు అంటేనే హఠాత్తుగా వచ్చే మార్పు. ఆ మార్పు పోతే గీత చుట్టూ బూడిదరంగు మచ్చలు పుడతాయి. తలకట్టూ, సున్నా, కింద కుదురుగా కూర్చునే ఒత్తూ ఉన్న మన లిపికి ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. అక్షరాలున్న బొమ్మకు పీఎన్‌జీయో, నష్టం లేని వెబ్‌పీయో వాడాలన్నది అందుకే.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలుసు: తెలుగు అక్షరం తెర మీద అక్షరంగానే ఉండాలి. ప్రకటనలు, పరీక్షల తేదీలు, గుడి వేళలు, ఒక్కోసారి వార్తంతా పోస్టరుగా చేసి ఎక్కించే అలవాటు మనకు వదల్లేదు. బొమ్మలోని రాతను ఇప్పుడు యంత్రాలు చదువుతాయి కదా అంటారు. చదవవచ్చు, కానీ ఒత్తుల దగ్గర పొరబడితే వెతుకులాటలో దొరకాల్సిన మాటే మారిపోతుంది. చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు బదులుగా కోడ్‌లో రాసే వివరణ, లేని పోస్టరు మూగదే. తెలుగు ఫాంటు ఫైలు బరువెక్కువ అనే అభ్యంతరం మాత్రం సబబైనదే, సంయుక్తాక్షరాల వల్ల దానికి ఆకారాలెక్కువ. అయినా ఒకసారి దిగిన ఫాంటు బ్రౌజర్‌లో నిలిచి ప్రతి పేజీకీ పనిచేస్తుంది, ప్రతి కొత్త పోస్టరూ విడిగా దిగాలి. ఫోన్లో ముందే ఉన్న తెలుగు ఫాంటు వాడుకుంటే ఆ ఖర్చూ లేదు. అందం కావాలంటే మండలి, రామభద్ర, ధూర్జటి, గిడుగు వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. తెలుగు యూనికోడ్‌లో చేరింది 1991లో. ఇంకా బొమ్మలో అక్షరం దాచవలసిన అవసరం ఏముంది? పోస్టర్లలోని రాతను ముందు పేజీలోకి దించండి. మిగిలిన ఫొటోలను తెరకు తగిన కొలతకు తగ్గించి, అప్పుడు ఏవీఐఎఫ్‌లోకి మార్చండి. పాత బ్రౌజర్ల కోసం పిక్చర్ ట్యాగ్‌లో వెబ్‌పీనీ జేపెగ్‌నీ దాని వెనక నిలబెట్టండి.